పెదవికి ఆనించి చూసిన పాలు

ఆసుపత్రిలో అందరం పెద్దమ్మ అని పిలిచే ఆవిడ పోయిందని వార్డు సిస్టర్ ఫోన్ చేసి చెప్పేసరికి దినాలకు ఒక్క రోజే మిగిలింది. ఇన్నాళ్లూ చెప్పలేదేమని కసురుకున్నాను. నంబర్ మార్చుకుని చెప్పనిది మీరే మేడం, కాలేజీలో అడిగి కనుక్కునేసరికి ఇన్నాళ్లయింది అంది. నిజమే, తప్పు నాది. మర్నాడు లాలాగూడ వెళ్లాను. రైల్వే క్వార్టర్ల వెనక సందులో షామియానా వేశారు. లోపల గోడకు దండ వేసిన ఫొటో ఉంది. అందులో ఆవిడ పెదవులు గట్టిగా బిగించుకుని, ఎవరి మీదో కోపం వచ్చినట్టు చూస్తోంది.

"నవ్వేటి ఫొటో ఒక్కటి సుత దొరకలేదాయె?" అని ఎవరో చుట్టం అడుగుతోంది.

"ఫొటో అంటే మా అమ్మ నోరు తెరవకపోతుండె. పండ్లు లేవని సిగ్గు" అన్నాడు కొడుకు.

సిగ్గేమీ కాదు బాబూ, ఆ పళ్లు ఎట్లా పోయాయో నన్నడుగు అని చెప్పాలనిపించింది. భోజనాల హడావుడిలో కుదరలేదు. చెప్పకుండా ఇంటికి వచ్చేశాక నిద్ర పట్టలేదు కూడా. అందుకే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. "నా పన్ను ముచ్చట నా పేరు పెట్టి రాసెడిది లేదు" అని ఆవిడ బతికుండగానే నాతో ఒట్టు వేయించుకుంది.

ఊరందరికీ కంప్యూటర్ పిచ్చి పట్టిన రోజులవి. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి కార్ఖానా దాకా ఏ కరెంటు స్తంభం చూసినా ఏదో ఒక కోర్సు కాగితం అతికించి ఉండేది. విజయనగరం వైపు నుంచి వచ్చి బొల్లారంలో ఇల్లు కట్టుకున్న కుటుంబం మాది. అన్నయ్య సాఫ్ట్‌వేర్, బాబాయి కూతురు సాఫ్ట్‌వేర్, డిగ్రీ రెండుసార్లు తప్పిన ఎదురింటబ్బాయి కూడా సాఫ్ట్‌వేర్. నేనొక్కదాన్నే పళ్ల డాక్టరీ చదివి, అందులోనూ పళ్లు పీకే మంచి విద్య వదిలేసి, నోట్లో ఉండే సూక్ష్మజీవుల మీద పీజీలో చేరాను. మా అమ్మకి అది తలవంపుగా ఉండేది.

"ఏటే, మీ అన్న ఏసీ గదిలో కూకుని ఉజ్జోగం చేసుకుంటన్నాడు. నువ్వేటి, పిల్లల ఎంగిలి పుల్లలకి చుట్టుకుని తిరుగుతన్నావు?" అనేది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి అన్నం ముందునుంచి లేచిపోయేదాన్ని. కానీ నా థీసిస్ గురించి అంత సూటిగా మా గైడు కూడా ఎప్పుడూ చెప్పలేకపోయాడు. నేను చేసే పని అచ్చంగా అదే. గ్రహణం మొర్రితో, అంటే పెదవీ అంగిలీ చీలి పుట్టిన పసిపిల్లల నోట్లో దూదిపుల్ల తిప్పి, ఆ తడిని గాజు పళ్లెంలోని నీలం జెల్లీ మీద రాసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, రెండు రోజుల తర్వాత ఏం మొలిచిందో చూడడం. బిడ్డ ఆసుపత్రికి వచ్చిన రోజు ఒకసారి, వారం తర్వాత ఇంకొకసారి, పొద్దున్నే పాలు పట్టకముందు ఈ పరీక్ష చేయాలి.

అందుకోసం కార్ఖానా దగ్గర ఒక ధర్మాసుపత్రి వాళ్లు కింది అంతస్తులో మాకొక గది ఇచ్చారు. పై అంతస్తులో పిల్లల వార్డు. అక్కడే పెద్దమ్మ ఉండేది.

హాజరు పట్టీలో ఆవిడ ఆయా. బట్టలు మార్చడం, పక్కలు సర్దడం ఆవిడ పని. కానీ ఆ వార్డులో పాలు పట్టేది ఆవిడే. అంగిలి చీలిన బిడ్డ పాలు చీకలేదు. చీకడానికి నోట్లో గాలి బిగపట్టాలి, పైన చిల్లు ఉంటే గాలి నిలవదు. రొమ్ము అందించినా ఏడుపే, సీసా అందించినా ఏడుపే. తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పోయాలి. కాస్త ఎక్కువైతే ముక్కులోంచి వస్తాయి, ఇంకాస్త ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సిస్టర్లకే చేతులు వణికేవి.

పెద్దమ్మకు వణుకు లేదు. కాలు మడిచి కూర్చుని, బిడ్డను ఎడమ చేతి వంపులో నిటారుగా ఆనించుకుని, వేడినీళ్లలో ఉంచిన పాలు ఉగ్గుగిన్నెలోకి వంపుకునేది. గిన్నె సన్నమూతిని తన కింది పెదవికి ఆనించి ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. "ఊఁ, మంచిగున్నయ్" అనుకుని అప్పుడు బిడ్డ చెంప పక్కనుంచి లోపలికి పోసేది. ప్రతి బిడ్డనూ, ఆడపిల్లయినా మగపిల్లాడయినా, సార్ అనే పిలిచేది. "తాగుండ్రి సార్. జల్దేం లేదు. ఆఫీసుకు లేటయితలేదు" అనేది. చెవి బిడ్డ గొంతు దగ్గరికి వంచి గుటక వినేది. గుటక వినపడ్డాకే మళ్లీ గిన్నె వంచేది. ఆవిడ పాలు పడుతుంటే నేను పని మానేసి నిలబడిపోయేదాన్ని. థర్మామీటర్ ఎందుకు సార్, ఆవిడ పెదవి చాలు అని మా గైడుతో గొప్పగా చెప్పాను కూడా.

ఒకసారి మాత్రం సరదాకి అడిగాను. "పెద్దమ్మా, అది ఎంగిలి కాదా?"

"పసిపిల్లల కాడ ఎంగిలేంది బిడ్డా? తల్లి ముద్దు పెట్టుకుంటలేదా?" అంది.

నవ్వేసి ఊరుకున్నాను. చేతిలో దూదిపుల్ల పట్టుకుని, మెడలో పీజీ కార్డు వేసుకుని, ఆ జవాబు బాగుందనుకుని ఊరుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆవిడ నోటికి భయపడని అత్తగారు ఆ వార్డులో లేదు. ఒక పెద్దావిడ, కోడలు గ్రహణం పూట కూరగాయలు తరిగిందని, అందుకే మనవడు ఇట్లా పుట్టాడని వార్డంతా వినేలా ఏడుస్తోంది. మంచం మీద కోడలు గోడవైపు తిరిగి పడుకుంది.

"అక్కా, గ్రహణం నీ కోడలికొక్కదానికే పట్టిందా, ఊరందరికి పట్టిందా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఊరందరికే."

"మరి ఊర్ల కూర కోసినోళ్లందరికి గిట్లనే పుట్టిండ్రా? గ్రహణం మీద కేసు తర్వాత పెడుదువు గని, ముందుగాల కోడలికి జెర చాయ్ తెచ్చియ్యి. పాలు పడాలె."

ఆ అత్తగారు గొణుక్కుంటూనే చాయ్ తెచ్చింది. ఇట్లాంటివి నేను చాలా చూశాను. మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని, ఫోన్‌లో అమెరికా వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడుతూ వార్డులోకి వచ్చే తండ్రులను కూడా గుమ్మం దగ్గరే ఆపేది. "గా మెడల పట్టా తీసి లోపట పెట్టుకో నాయినా, పోరి మొకానికి కొడ్తది" అనేది. వాళ్లు కిక్కురుమనకుండా తీసేసేవాళ్లు.

ఆవిడ వస్తుంటే ముందు లవంగం వాసన వచ్చేది. ఎడమ దవడలో పుచ్చిన పన్ను ఉంది. పొద్దున్నే అందులో ఒక లవంగం దూర్చుకుని డ్యూటీకి వచ్చేది. మా కాలేజీలో ఉచితంగా పీకుతారు, నేనే తీసుకెళ్తానని చాలాసార్లు చెప్పాను. "పీకుడు షురూ చేస్తే ఒక్కదాంతోని ఆగుతదా? వద్దు, మంచిగనే నడుస్తుంది" అని దాటేసేది.

పది నెలలు నా పని బ్రహ్మాండంగా సాగింది. నీలం పళ్లేల మీద చక్కెర పలుకుల్లాంటి చుక్కలు మొలవడం మొదలుపెట్టాయి. అవి పళ్లు పుచ్చబెట్టే సూక్ష్మజీవులు. పన్ను మీద పట్టు దొరికితే తప్ప నోట్లో నిలవలేవని మేం చదువుకున్నాం. ఒక్క పన్నూ లేని వారం రోజుల పిల్లల నోట్లో అవెందుకున్నాయి? వచ్చిన రోజు తీసిన పరీక్షలో లేవు. వారానికల్లా ఉన్నాయి. చీలిన అంగిలిలో పాలు నిలిచే మూలలున్నాయి కనుక అవి అక్కడ ముందుగానే కాపురం పెడుతున్నాయని మా గైడు సిద్ధాంతం కట్టాడు. ఆయన మంచివాడే కానీ ఆశ ఎక్కువ. ఒక పెద్ద సదస్సుకు వ్యాసం కూడా పంపించాడు. దాని మీద మొదటి పేరు నాది. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి అన్నయ్య కంప్యూటర్ మీద, తెరకు అడ్డంగా అతికించాను.

రెండు సంగతులు మాత్రం సరిపోలేదు. కొందరు తల్లుల నోట్లో ఆ సూక్ష్మజీవి లేనేలేదు, అయినా వాళ్ల పిల్లల్లో ఉంది. రెండోది, నలుగురు పిల్లల పళ్లేలు వారం తర్వాత కూడా శుభ్రంగా ఉన్నాయి. ఆ నాలుగు పుల్లలు ఎక్కడో ఎండిపోయి ఉంటాయి, వదిలేయమన్నాడు గైడు. నాకూ వదిలేయడమే హాయిగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం నేను ఒక పళ్లెం తెచ్చి మెట్ల మీద కూర్చుని రాసుకుంటున్నాను. పెద్దమ్మ నా పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది.

"గదేంది బిడ్డా, నీలం మీద చక్కెర చల్లినట్టున్నది?"

చెప్పాను. నాకు చెప్పడం ఇష్టం, అడిగే వాళ్లే దొరకరు.

"గివి ఏడ ఉంటయి?"

"పుచ్చిపోయిన పళ్లలో."

"పోరగాళ్లకు పండ్లే లేవు గద?"

"అదే కదా విశేషం, పెద్దమ్మా!"

"ఏమైతది మరి, గివి ఉంటె?"

"పళ్లు రాగానే పుచ్చడం మొదలవుతుంది. ఈ పిల్లలకు చీలిక పక్క పళ్లు అసలే వంకరగా వస్తాయి. అవి పాడైతే పెద్దయ్యాక చేసే ఆపరేషన్లకి ఇబ్బంది."

ఆవిడ ముద్ద నోటి దగ్గర ఆపింది. "అందరికి ఉన్నయా?"

"నలుగురికి తప్ప. అదే అర్థం కావడం లేదు."

"ఎవలా నలుగురు?"

నా నోట్‌బుక్ చూసి ఊళ్ల పేర్లు చదివాను. సిద్దిపేట నుంచి వచ్చిన ఆడపిల్ల, భువనగిరి పిల్లాడు, జనగామ కవలల్లో మొర్రి ఉన్నవాడు, మౌలాలి పాప. నేను చదువుతుండగానే ఆవిడ డబ్బా మూత పెట్టేసింది.

"బోనాలప్పటి పిల్లలు" అంది. "గా వారం నేను రాలే. ఇంటికాడ ఉన్న."

అంతే. లేచి పైకి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆవిడ జ్ఞాపకశక్తికి ఆశ్చర్యపడి, మళ్లీ రాసుకోవడంలో పడ్డాను. చదువుకున్న వాళ్ల బుర్ర ఒక్కోసారి ఇట్లా పనిచేస్తుంది.

మర్నాడు నేను గది తాళం తీసేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది. లవంగం వాసన లేదు.

"పండ్లు తోమలే. చాయ్ తాగలే. లవంగం సుత పెట్టలే. పోరగాళ్ల నోరు నువ్వు గిట్లనే సూస్తవు గద, పొద్దుగాల, ఏం పట్టకముందు? నాది సుత తియ్యి."

"నీదెందుకు పెద్దమ్మా?"

ఖాళీ చెయ్యి ఎత్తి, గిన్నె పట్టుకున్నట్టు వేళ్లు మడిచి, కింది పెదవి దగ్గర ఆపింది.

పది నెలలు రోజూ చూసిన భంగిమ అది. ఆ చెయ్యి పెదవి దగ్గర ఆగిన క్షణంలో నాకు మొత్తం అర్థమైంది. తల్లుల నోట్లో లేనిది పిల్లల్లో ఎట్లా ఉందో, బోనాల వారం పిల్లలు ఎందుకు శుభ్రంగా ఉన్నారో, అన్నీ తెలిసిపోయాయి. ఆవిడ నోరు తెరిచింది. దూదిపుల్ల ఆ పుచ్చుపన్ను చుట్టూ తిప్పి తీశాను.

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. ఆ పుల్లను పళ్లెం మీద రాయలేదు. గొట్టంలో మూసి ఫ్రిజ్‌లో పెట్టాను. సదస్సుకు వ్యాసం వెళ్లిపోయింది. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. ఇది బయటపడితే ఆవిడను పాలు పట్టనివ్వరు, పాపం ఆ వయసులో ఆవిడకు మిగిలిన గౌరవం అదొక్కటే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మన పిరికితనానికి ఎదుటివాళ్ల మేలు భలే అందుకొస్తుంది. సాయంత్రం డ్యూటీ దిగి ఆవిడ మళ్లీ వచ్చింది.

"పొదగవెట్టినవా?" వెచ్చటి పెట్టెను ఆవిడ పొదిగే పెట్టె అనేది.

"పెట్టాను."

"నా పళ్లెం సూపెట్టు."

నేను ఏదో వెతుకుతున్నట్టు నటించాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు.

"బిడ్డా, గీ పిల్లలకు పాలు తాగపట్టి ఎన్నేండ్లాయెనో నేనే మరిచిన. నా చేతులకెల్లి ఎంతమంది పోయిండ్రో. నా నోట్ల గవి ఉన్నయో లేవో నాకు తెల్వాలె. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెల్వకున్నా నడుస్తది. నాకు నడువది."

లేచి ఫ్రిజ్ తెరిచాను. ఆవిడ ఎదుటే నీలం పళ్లెం తీసి, పుల్ల రాసి, చీటీ అతికించి, పెట్టెలో పెట్టాను. ఆవిడ తలుపు సరిగ్గా పడిందో లేదో నొక్కి చూసి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత పళ్లెం నిండా చక్కెర పలుకులే. పక్కన పిల్లల పళ్లేలు పెట్టి చూస్తే తేడా లేదు. తర్వాత చేసిన మిగతా పరీక్షలూ ఆ మాటే చెప్పాయి. పెద్దమ్మ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"మస్తున్నయ్" అంది. తర్వాత, "నడువు, సిస్టర్ కాడికి పోదాం. నువ్వేం మాట్లాడకు, నేనే చెప్త" అంది.

తనే చెప్పింది. సాకులు లేవు, ఏడుపు లేదు. తెలియక చేశానని కూడా అనలేదు. సిస్టర్ కళ్లు తుడుచుకుని, పళ్లు బాగయ్యేదాకా ఉగ్గుగిన్నె ముట్టుకోవద్దని చెప్పింది. ఆవిడ తలూపి, దుప్పట్లు మడతపెట్టే గదిలోకి వెళ్లింది. మా గైడు ముందు నా మీద అరిచాడు. తర్వాత జాబితా ముందేసుకుని, బోనాల వారం తేదీలు వేలితో చూసుకుంటూ కూర్చుండిపోయాడు. "పది నెలలు మనం చూస్తూనే ఉన్నామమ్మా" అన్నాడు చివరికి. ఆ సాయంత్రమే సదస్సు వాళ్లకు రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. ఇంటికెళ్లి అన్నయ్య కంప్యూటర్ మీది కాగితం నేనే పీకాను.

ఆ తర్వాత నేను చాలామంది పరిశోధకులను చూశాను. పెద్ద పెద్ద వేదికల మీద చూశాను. తమ లెక్కకు అడ్డొచ్చినదాన్ని పక్కకు నెట్టిన వాళ్లను చూశాను, నేనూ ఆ పనే చేయబోయాను కదా. తప్పు తన దగ్గరే ఉందేమోనని, పళ్లు కూడా తోముకోకుండా, సాక్ష్యం చెదరకుండా తెచ్చి నోరు తెరిచి నిలబడ్డ మనిషిని ఒక్కరినే చూశాను. ఆవిడ దగ్గర నేను పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు గర్వం.

పళ్లు పీకించడానికి నేనే తీసుకెళ్లాను. ఒకటి కాదు, మూడు పోయాయి. మిగిలిన వాటికి సిమెంటు పెట్టారు. కుర్చీలోంచి లేస్తూ బుగ్గలో దూది పెట్టుకునే, "ఒక్కదాంతోని ఆగదని నేను అన్ననా లేదా?" అంది.

ఇక అక్కడినుంచి దుప్పట్ల గదే ఆవిడ ప్రపంచం. పాలు పట్టే వేళకు మాత్రం వచ్చి వార్డు గుమ్మం బయట నిలబడేది. రెండు చేతులూ వెనక్కి కట్టుకునేది. లోపల సిస్టర్లు తంటాలు పడుతుంటే చూసేది. నేను ఆవిడ ముఖం చూడలేక కిందికి వెళ్లిపోయేదాన్ని.

అప్పుడు ఒక పాప వచ్చింది. పెదవి రెండు పక్కలా చీలింది, అంగిలి మొత్తం తెరిచే ఉంది. తల్లి, తండ్రి ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. తండ్రి ఇంటర్నెట్‌లోంచి తీసిన కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాడు. తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకోవడానికే భయపడుతోంది. సిస్టర్లు ఎట్లా పోసినా సగం ముక్కులోంచి వస్తున్నాయి. మూడు రోజుల్లో పాప బరువు తగ్గింది, ఏడుపు కూడా సన్నబడింది. ఇక ముక్కులో గొట్టం వేయాల్సిందే అన్నారు డాక్టర్లు.

సిస్టర్ గుమ్మం వైపు చూసింది. "రా పెద్దమ్మా, ఈ ఒక్కసారికి. చేతులు కడుక్కో, మూతికి గుడ్డ కట్టుకో, వచ్చెయ్" అంది.

పళ్లు పీకాక తీసిన ఆవిడ రెండో పరీక్ష అప్పటికి నా పెట్టెలో పొదుగుతోంది. ఫలితం మర్నాటికి గానీ రాదు.

"పళ్లెం రేపు సూస్తం గద సిస్టర్. గప్పటిదాంక నేను లోపటికి రాను" అంది పెద్దమ్మ.

"పాప పరిస్థితి చూస్తున్నావు కదా!"

"సూస్తున్న." గడప ఇవతలే నిలబడి తల్లిని పిలిచింది. "అమ్మా, నువ్వు పట్టు గిన్నె."

"నాకు రాదండీ. భయం" అంది ఆ అమ్మాయి.

"ఏం పని జేస్తవు నువ్వు?"

"సాఫ్ట్‌వేర్."

"కంప్యూటర్ మీద అక్షరాలు కొడ్తవు గద, వేళ్లను సూసుకుంట కొడ్తవా?"

"లేదు. తెర చూస్తాను."

"గంతే మరి. గిన్నెను సూడకు. పోరిని సూడు. నిటారుగ కూసోవెట్టు... ఇంక జెర... ఆఁ, గట్ల."

ఆ అమ్మాయి గిన్నె తీసుకుంది. పాలు ఎక్కువ వేడిగా ఉన్నాయేమోనని, ఎవరూ చెప్పకుండానే, గిన్నె మూతి తన పెదవి దగ్గరికి ఎత్తింది.

"మూతికొద్దు!"

ఆ కేకకు వార్డంతా ఉలిక్కిపడింది. పెద్దమ్మ అరవడం నేను అదొక్కసారే విన్నాను. "ముంజేతి మీద ఒక్క చుక్క ఏసుకో బిడ్డా. మూతికొద్దు" అని మళ్లీ మెల్లగా చెప్పింది.

చుక్క ముంజేతి మీద పడింది. గిన్నె పాప చెంప పక్కకు వెళ్లింది.

"కొద్దిగ వంచు. ఆగు. చెవి దగ్గరికి పెట్టు, గుటక ఇను. ఇనపడ్డదా?"

"వినపడింది!" అంది ఆ అమ్మాయి. ఏడుస్తూనే అంది.

"ఇనపడ్డంకనే మల్ల వంచు. దగ్గు వస్తే ఆపు, పరేషాన్ గాకు. సార్ కు జల్దేం లేదు."

నేను పెద్దమ్మ వెనకే నిలబడి ఉన్నాను. వీపు వెనక కట్టుకున్న ఆవిడ చేతులు నాకొక్కదానికే కనిపిస్తున్నాయి. లోపల తల్లి గిన్నె వంచిన ప్రతిసారీ ఇక్కడ ఆవిడ కుడిచేతి వేళ్లు వంగుతున్నాయి. తల్లి ఆపితే ఆగుతున్నాయి. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. ముక్కులోంచి రెండు చుక్కలు వచ్చాయేమో, అంతే. పాప తాగి నిద్రపోయింది. తండ్రి సంచి కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ రోజు గొట్టం వేయలేదు.

మర్నాడు పెట్టె తెరిచాను. చీటీ మళ్లీ మళ్లీ చదువుకున్నాను, పెద్దమ్మ పళ్లెమే. నీలం మీద ఒక్క చక్కెర పలుకు కూడా లేదు. పళ్లెం చేత్తో పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. సిస్టర్ దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసి, ఉగ్గుగిన్నె తెప్పించి, తనే పెద్దమ్మ చేతికి ఇవ్వబోయింది.

"ఇవాళ్టినుంచి మళ్లీ నువ్వే పట్టు. నీ చెయ్యి పడితే గానీ ఈ వార్డు నడవదు" అంది.

పెద్దమ్మ చెయ్యి చాచలేదు. నిన్నటి మంచం వైపు చూస్తోంది. అక్కడ ఆ అమ్మాయి ఎవరి సాయం లేకుండా, పాప ముఖం మీదినుంచి చూపు మరల్చకుండా పాలు పడుతోంది.

"సిస్టర్, ఇన్నేండ్లు గీ పోరగాళ్లకు నేనే తాపిన. మంచిగ తాగిండ్రని మురిసిన, ఇంటికి పంపిన. ఇంటికి పోయినంక ఎవలు తాపిండ్రు?"

ఆ ఆసుపత్రిలో అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. పది నెలలు ఆ పిల్లల నోళ్లే చూసిన నేనూ అడగలేదు.

ఆవిడ ఆగలేదు. గడప దాటి వార్డు మధ్యకు వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "అమ్మలందరు గిన్నెలు పట్టుకుని గిట్ల రాండ్రి" అని పిలిచింది.